షోరూమ్ మర్యాద ఖరీదు: లగ్జరీ కారు కొనబోయేవాళ్ళకు ఒక మాజీ సేల్స్ కన్సల్టెంట్ చెప్పే జాగ్రత్తలు

లగ్జరీ కార్ల షోరూమ్‌లో అనవసరంగా ఎక్కువ డబ్బు కట్టేది రెండు రకాల మనుషులు. చిన్నచూపు చూశారని పంతానికి పోయేవాళ్ళు ఒకరు. బాగా మర్యాద చేశారని మొహమాటపడేవాళ్ళు ఇంకొకరు. నేను చూసినంతవరకు రెండోవాళ్ళే చాలా ఎక్కువ.

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు షోరూముల్లో సేల్స్ కన్సల్టెంట్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. మాది సూర్యాపేట. ఇప్పుడు ఆ ఉద్యోగం మానేశాను కాబట్టి మీకు అమ్మడానికి నా దగ్గర ఏమీ లేదు. చుట్టాల్లోనో తెలిసినవాళ్ళలోనో ఎవరైనా పెద్ద కారు కొంటుంటే "నువ్వు కూడా రామ్మా, వాళ్ళ భాష నీకు తెలుసు కదా" అని తీసుకెళ్తారు. దారిలో వాళ్ళకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

గేటు దగ్గరే మొదలవుతుంది

బట్టలు, చెప్పులు చూసి మనిషిని తూకం వేస్తారని బయట అనుకుంటారు. హైదరాబాద్‌లో అలా తూకం వేసే సేల్స్‌మన్ ఎక్కువ రోజులు నిలవడు. భీమవరం రొయ్యల చెరువుల ఆసామి చొక్కా చేతులు మడిచి, రబ్బరు చెప్పులతో వస్తాడు. గుంటూరు మిర్చి వ్యాపారి జేబులో పాత కీప్యాడ్ ఫోన్ ఉంటుంది. కోకాపేట వైపు భూమి అమ్మిన పెద్దాయన పంచెకట్టుతో వచ్చి, మనవడు చూపించిన బండి బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసి "ఎంత?" అంటాడు. వీళ్ళలో చాలామంది లోన్ మాటే ఎత్తరు. కొత్తగా చేరిన పిల్లలకు సీనియర్లు మొదటి వారంలోనే ఇదంతా చెప్పేస్తారు.

మరి ఏం చూస్తారు? మీరు ఏ బండిలో వచ్చారో చూస్తారు. మీ తాళం తీసుకుని పార్క్ చేసే కుర్రాడి నుంచి లోపలికి కబురు వెళ్తుంది. రిసెప్షన్‌లో పేరు, ఫోన్ నంబర్, ఏరియా రాయించుకుంటారు. ఆ తర్వాత మంచినీళ్ళ గ్లాసుతో పాటు అసలు ప్రశ్నలు వస్తాయి. "ఇప్పుడు ఏ కారు వాడుతున్నారు సార్?" "మా షోరూమ్ గురించి ఎవరు చెప్పారు?" "సార్ ఏం చేస్తుంటారు?" "లోన్ చూస్తున్నారా, ఫుల్ పేమెంటా?" "ఎప్పటికల్లా అనుకుంటున్నారు?"

అన్నీ పలకరింపుల్లాగే వినిపిస్తాయి. కానీ ఒక్కో జవాబు కంప్యూటర్‌లో ఎంక్వైరీ ఫారంలోకి వెళ్తుంది. అందులో మీరు హాట్, వార్మ్, కోల్డ్ అని మూడింట్లో ఒకటవుతారు. హాట్ అంటే బాగా డబ్బున్నవాళ్ళని కాదు. ఈ నెలలో కొనేవాళ్ళని. సేల్స్‌మన్‌కు మీ ఆస్తితో పెద్దగా పని లేదు. నెలాఖరులోపు సంతకం పెడతారా లేదా అన్నదే అతని టెన్షన్. వంద కోట్లున్నా "వచ్చే ఏడాది చూద్దాం" అన్న మనిషిని వదిలేసి, "ఈ శుక్రవారం డబ్బు కడతాను" అన్న మనిషి దగ్గరికి పరుగెత్తుతాడు. ఇది తెలిస్తే షోరూమ్‌లో మీకు సగం కోపం రాదు.

కాబట్టి ఏది చెప్పాలో, ఏది దాచాలో ఇంట్లోనే అనుకుని వెళ్ళండి. ఏ మోడల్ కావాలి, రోజుకు ఎంత తిరుగుతారు, ఎవరు నడుపుతారు, ఇంట్లో ఎంతమంది అన్నవి నిజాయితీగా చెప్పండి, అవి మీకే పనికొస్తాయి. గరిష్ఠంగా ఎంత పెట్టగలరో చెప్పకండి. ఏ తేదీకి కావాలో అసలే చెప్పకండి. "అమ్మాయి పెళ్ళి ఉంది, ఆలోపు కావాలి" అన్న ఒక్క మాట విన్నాక బేరానికి కూర్చునే సేల్స్ మేనేజర్ నాకైతే తెలీదు. ముహూర్తం తేదీ అతనికి తెలిసిపోయిందంటే ఇక తగ్గాల్సింది మీరే. లోన్ గురించి అడిగితే "రెండూ చూస్తున్నాం" అంటే చాలు. లోన్ ఇప్పిస్తే షోరూమ్‌కు కొంత వస్తుంది కాబట్టి, ఆ ఆశ చివరిదాకా ఉండనివ్వండి.

పట్టించుకోకపోతే

చిన్నచూపు లేదని నేననను. ఉంది. హెల్మెట్ చేతిలో పట్టుకుని వచ్చిన కుర్రాళ్ళు, ఆటో దిగిన మనుషులు, వారాంతాల్లో పిల్లలతో వచ్చే కుటుంబాలు "టైంపాస్" జాబితాలోకి పోతారు. రీల్స్ తీసుకోవడానికి వచ్చేవాళ్ళు నిజంగానే ఎక్కువయ్యారు. వాళ్ళ మీద చిరాకు వెనకాల వచ్చిన నిజమైన కస్టమర్ మీద పడుతుంది. ఐటీలో మంచి జీతం తీసుకుంటూ బైక్ మీద తిరిగే పిల్లలకు ఇది బాగా అనుభవం.

దీనికి మంచి మందు, షోరూమ్‌కు నేరుగా వెళ్ళకుండా ముందు కారు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో టెస్ట్ డ్రైవ్ అడగడం. అలా వచ్చిన ఎంక్వైరీని ఎంత సేపట్లో అందుకున్నారు, ఎన్నిసార్లు మాట్లాడారు, చివరికి ఏమైంది అన్నది కంపెనీ గమనిస్తుంది. మేనేజర్ దాని మీద కన్నేసి ఉంచుతాడు. మీరు లోపలికి అడుగుపెట్టేసరికి మీ పేరు మీద ఒక మనిషి, ఒక సమయం ఖాయమై ఉంటాయి. వారం మధ్యలో పొద్దున పూట వెళ్ళండి. ఆదివారం సాయంత్రం రాజుగారొచ్చినా నిలబడాల్సిందే.

ఇంకో చిట్కా. చేతిలో చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్ళి, అడిగినవన్నీ అందులో రాసుకోండి. కంపెనీలు మారువేషంలో మనుషుల్ని కస్టమర్లుగా పంపి షోరూమ్‌ల పనితీరు చూస్తుంటాయి. వాళ్ళను మిస్టరీ షాపర్లు అంటారు. ఎవరో తెలీని మనిషి, మర్యాదగా, వరుసగా, రాసుకుంటూ అడుగుతుంటే మా అందరి నడుములు నిటారుగా అయ్యేవి.

అయినా ఎవరూ రాకపోతే గొంతు పెంచకండి. రిసెప్షన్ దగ్గరికెళ్ళి "టీమ్ లీడర్‌తో మాట్లాడాలి" అనండి. "ఎవరైనా ఉన్నారా?" అని అరవడం కంటే ఆ హోదా పేరు పలకడం బాగా పనిచేస్తుంది. కన్సల్టెంట్ నచ్చకపోతే పక్క కన్సల్టెంట్‌ని అడిగి లాభం లేదు. ఎంక్వైరీ మొదట ఎవరి పేరు మీద పడితే ఇన్సెంటివ్ వాళ్ళది, కాబట్టి రెండోవాళ్ళు ముట్టుకోరు. మేనేజర్‌కు చెప్పి మార్పించుకోవాలి. మార్చడం అరనిమిషం పని.

ఒక్కటి మాత్రం చెయ్యకండి. పంతానికి కొనకండి. 2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో పికప్ వాహనం కొనడానికి వెళ్ళిన రైతును సేల్స్‌మన్ ఎగతాళి చెయ్యడం, ఆయన కాసేపట్లోనే పది లక్షల నగదుతో తిరిగి రావడం దేశమంతా చూసింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ సంతోషపడ్డాను. కానీ అమ్మే పనిలో ఉన్న మనిషిగా నాకు వెంటనే వేరే సంగతి తట్టింది. రెండు లక్షలు, ఆపైన నగదు ఒకే లావాదేవీలో తీసుకోవడానికి ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకుంటే, తీసుకున్న మొత్తం ఎంతో అంత జరిమానా తీసుకున్నవాళ్ళ మీద పడుతుంది. పైగా ఆ రోజు బండి చేతికివ్వడానికి కూడా అక్కడ సిద్ధంగా లేదు. కోపంలో టేబుల్ మీద డబ్బు పెట్టిన కస్టమర్ డిస్కౌంట్ అడగడు, ఇన్సూరెన్స్ కాగితం చదవడు. షోరూమ్‌కు అంతకంటే మంచి కస్టమర్ ఉండడు. మీ పరువు దక్కించుకోవాలంటే అదే కారు ఇంకో షోరూమ్‌లో, ఇంకా తక్కువకు కొనండి.

మేడమ్‌ని రంగు అడుగుతారు

భార్యాభర్తలు కలిసి వస్తే ఇంజిన్, ధర, లోన్ మాటలన్నీ భర్తతో. భార్య దగ్గరికొచ్చేసరికి "మేడమ్, మీకు ఏ కలర్ నచ్చింది?" ఆవిడ డాక్టరై, సొంత డబ్బుతో, తాను నడపడానికే కొంటున్నా ఇదే వరస. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళను "సార్ ఎప్పుడొస్తారు మేడమ్?" అని అడిగిన సందర్భాలు ఎన్ని చూశానో. మా వైపునుంచే కాదు, అటునుంచీ ఉంది. నేను గేర్‌బాక్స్ గురించి చెప్తుంటే మధ్యలో ఆపి "టెక్నికల్ విషయాలు చెప్పడానికి ఎవరైనా అబ్బాయి ఉన్నాడామ్మా?" అని అడిగిన పెద్దమనుషులున్నారు. పిలిచేదాన్ని. ఆ అబ్బాయి వచ్చి నేను చెప్పిందే మళ్ళీ చెప్పేవాడు.

కొనేది మీరైతే అపాయింట్‌మెంట్ మీ పేరు మీద తీసుకోండి. టెస్ట్ డ్రైవ్‌కు మీ లైసెన్సే ఇవ్వండి, తాళం మీ చేతికే తీసుకోండి. కొటేషన్ మీ పేరు మీద రాయించండి. భర్తను, అన్నను తోడు తీసుకెళ్ళినా, ధర మాట వచ్చినప్పుడు వాళ్ళు ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలని ముందే చెప్పి పెట్టండి.

కాఫీ, కేకు, క్యాబిన్

ఇప్పుడు అసలు సంగతి. చిన్నచూపు కంటే మర్యాద ఖరీదైనది.

మీరు కొనే మనిషేనని నమ్మకం కుదిరాక షోరూమ్ మారిపోతుంది. మంచి కప్పుల్లో కాఫీ వస్తుంది. పిల్లలకు బొమ్మకారు ఇస్తారు. సేల్స్ మేనేజర్ వచ్చి కుర్చీ లాగి కూర్చుని మీ ఊరు అడుగుతాడు, ఆ ఊళ్ళో ఆయనకు ఎవరో ఒక చుట్టం ఉంటాడు. పైనుంచి జనరల్ మేనేజర్ దిగి విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇస్తాడు. మిమ్మల్ని ఫ్లోర్ మీదనుంచి తలుపు మూసిన క్యాబిన్‌లోకి తీసుకెళ్తారు. ఏసీ బాగుంటుంది. గోడకు గడియారం ఉండదు.

ఇదంతా అబద్ధమని కాదు. అందులో చాలామంది నిజంగా మంచివాళ్ళే, నాతో పనిచేసినవాళ్ళే. కానీ ఆ మర్యాద తర్వాత మన మనుషులకు నోరు పెగలదు. రైతుబజార్‌లో పావుకిలో పచ్చిమిర్చికి బేరమాడి కరివేపాకు కొసరు అడిగే మనిషి, ఎనభై లక్షల కారు దగ్గర "అంత పెద్దాయన వచ్చి మాట్లాడాడు, ఇంకేం అడుగుతాం" అంటాడు. లగ్జరీ షోరూమ్‌లో బేరమాడితే లేనివాళ్ళనుకుంటారని భయం. లోపలివాళ్ళ లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. బాగా డబ్బున్నవాళ్ళే గట్టిగా బేరమాడతారు. మార్వాడీ వ్యాపారి, మన కాంట్రాక్టరు ఫ్లోర్ మ్యాట్ దాకా అడిగి తీసుకుంటారు. వాళ్ళను చూసి లోపల ఎవరూ తక్కువగా అనుకోరు.

క్యాబిన్‌లో ఎదురయ్యే కొన్ని పద్ధతులు ముందే చెప్తాను. ధర దగ్గర ఇరుకున పడితే కన్సల్టెంట్ "పైవాళ్ళతో మాట్లాడొస్తాను సార్" అని లేచి వెళ్తాడు. ఎంత తగ్గించవచ్చో అతనికి పొద్దున మీటింగ్‌లోనే చెప్పి ఉంటారు. చాలాసార్లు ఆ పావుగంట బయట టీ తాగే సమయం. తిరిగొచ్చి "మీకోసం జీఎం గారితో గొడవపడ్డాను" అంటాడు. ఆ మాటకు కరిగిపోకండి. "థాంక్స్ అండీ, అది ఈ కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి" అనండి. ఇంకొకటి, "ఈ రంగులో ఇదొక్కటే మిగిలింది, ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నారు." నిజమే కావచ్చు. అయినా కారును ఎక్కడా ఒక్కటే తయారుచెయ్యరు. కారు ముందు పిల్లలతో ఫొటో తీయించడం కూడా పద్ధతే. ఫొటో ఇంటి వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళి నలుగురూ "కంగ్రాట్స్" అన్నాక వెనక్కి రావడం కష్టం.

డెమో కారు ఇంటికే తెచ్చి చూపిస్తామంటారు. మంచిదే, ఒప్పుకోండి. ఇంటి సెల్లార్ ర్యాంపు దిగుతుందా, లిఫ్ట్ పక్క స్తంభాల మధ్య పడుతుందా, మీ గల్లీ స్పీడ్ బ్రేకర్‌కు కింద రాసుకుంటుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. కాకపోతే మీ ఇల్లు, పార్కింగ్‌లో ఉన్న బళ్ళు కూడా వాళ్ళు చూసుకుంటారు. ఆ రోజు సాయంత్రం ఎంక్వైరీ ఫారంలో ఒక వాక్యం పెరుగుతుంది.

టెస్ట్ డ్రైవ్‌లో మీరు నడిపితే సరిపోదు. మన దగ్గర ఈ కార్లు కొనేవాళ్ళలో చాలామంది వెనక సీట్లో కూర్చునేవాళ్ళు. కన్సల్టెంట్‌ను నడపమని, మీరు వెనక కూర్చుని గుంతల రోడ్డు మీద తిప్పించుకోండి. అమ్మానాన్నలను తీసుకెళ్ళి ఎక్కించి దించి చూడండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కిందకు ఉండే సెడాన్ ఎంత కష్టమో బ్రోచర్‌లో రాయరు. స్టెప్నీ ఉందా అని అడగండి. కొన్ని మోడళ్ళకు స్టెప్నీ ఉండదు, పంక్చరైనా కొంత దూరం పోయే రన్-ఫ్లాట్ టైర్లు ఇస్తారు. నల్లమల ఘాట్ మీద టైరు పక్క భాగం చీలితే ఎవరిని పిలవాలో ముందే తెలుసుకోండి.

కాగితం మీద వరుసలు

నోటిమాటగా "ఆన్-రోడ్ ఇంత" అంటే ఒప్పుకోకండి. వరుస వరుసగా విడదీసిన కొటేషన్ అడగండి. అడిగిన క్షణం నుంచి మీతో మాట్లాడే తీరు మారడం మీకే కనిపిస్తుంది. కాఫీ కొంచెం తగ్గుతుంది, లెక్క కొంచెం పెరుగుతుంది.

మొదటి వరుస ఎక్స్-షోరూమ్ ధర, అంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లాంటివి కలపకముందు ధర. పెద్ద పెట్రోల్, డీజిల్ ఎస్‌యూవీల మీద ఇంతకుముందు 28 శాతం జీఎస్టీ, దాని మీద 22 శాతం సెస్, మొత్తం 50 ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్ పోయి 40 శాతం జీఎస్టీ అయింది. ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతమే. అంటే ఎనభై లక్షల పెట్రోల్ కారులో దాదాపు 23 లక్షలు జీఎస్టీయే. పాత ధర పక్కన కొత్త ధర రాసి "ఇంత తగ్గించాం సార్" అనే సేల్స్‌మన్ ఉంటే నవ్వి ఊరుకోండి. అది పన్ను తగ్గడం, ఆయన తగ్గించడం కాదు. కొన్ని కంపెనీల్లో షోరూమ్‌కు ఈ ధర మీద చెయ్యే ఉండదు. మెర్సిడెస్-బెంజ్ 2021 నుంచి మన దేశంలో కార్లను కంపెనీయే నేరుగా కస్టమర్‌కు బిల్ చేసే పద్ధతి పెట్టింది, డీలర్ మధ్యవర్తి మాత్రమే. అలాంటి చోట ధర కోసం నాలుగు షోరూములు తిరగడం వృథా. ఎక్స్చేంజ్ ధర, సర్వీస్ ప్యాకేజీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ దగ్గర బేరమాడాలి. మిగతా బ్రాండ్లకు హైదరాబాద్‌తో పాటు విజయవాడ, బెంగళూరు నుంచి కూడా కొటేషన్ తెప్పించుకోండి.

రెండో వరుస లైఫ్ ట్యాక్స్. తెలంగాణలో ఈ ధర కార్లకు అది ఎక్స్-షోరూమ్ ధరలో ఐదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. ఒకే మనిషి పేరు మీద రెండో కారైతే ఇంకో 2 శాతం కలుస్తుంది. ఈ సంగతి చాలామందికి రిజిస్ట్రేషన్ రోజున గానీ చెప్పరు. ఇంట్లో ఎవరి పేరు మీద బండి లేదో చూసుకుని వెళ్ళండి. ఎలక్ట్రిక్ కారైతే తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు రోడ్ ట్యాక్స్ మినహాయింపు ఉంది, ఎనభై లక్షల బండి మీద అదే చాలా పెద్ద మొత్తం. ట్యాక్స్ తగ్గించడానికి పుదుచ్చేరి రిజిస్ట్రేషన్ చేయిస్తామని ఎవరైనా చెవిలో చెప్తే ఆ మాట అక్కడే వదిలేయండి. వేరే రాష్ట్రం నంబరుతో ఇక్కడే తిరుగుతున్న ఖరీదైన కార్లను హైదరాబాద్‌లో రవాణా శాఖ సీజ్ చేసింది. పట్టుబడిన రోజు సేల్స్‌మన్ ఫోన్ ఎత్తడు.

తర్వాత టీసీఎస్ అని, అమ్మేటప్పుడే మీ దగ్గర వసూలు చేసే ఆదాయపన్ను ఒక శాతం ఉంటుంది. పది లక్షలు దాటిన కారు మీద ఇది తప్పదు. ఇది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే 5 శాతం పడుతుంది. కొంతమంది కన్సల్టెంట్లు దీన్ని మాఫీ చేయిస్తానని గొప్పగా చెప్తారు. మీకు ఎలాగూ తిరిగొచ్చే డబ్బును డిస్కౌంట్‌గా లెక్కేస్తున్నారన్నమాట.

ఇన్సూరెన్స్ వరుస దగ్గర ఎక్కువసేపు ఆగండి, షోరూమ్‌కు మిగిలేది ఇక్కడే. "మా దగ్గరే తీసుకోవాలి సార్, లేకపోతే క్యాష్‌లెస్ రాదు" అంటారు. ఎక్కడ తీసుకోవాలన్నది పూర్తిగా మీ ఇష్టం. క్యాష్‌లెస్, అంటే రిపేరు బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా కట్టడం, ఆ కంపెనీకీ వర్క్‌షాప్‌కూ ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది, పాలసీ ఎవరు అమ్మారన్నదాన్ని బట్టి కాదు. అదే కంపెనీ నుంచి, అదే ఐడీవీతో (బండి పూర్తిగా పోతే కంపెనీ లెక్కగట్టే విలువ), అవే యాడ్-ఆన్లతో బయట కొటేషన్ తెచ్చి టేబుల్ మీద పెట్టండి. చాలాసార్లు అక్కడికక్కడే తగ్గిస్తారు. ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువ చూపిస్తే మాత్రం మోసపోకండి. జీరో డిప్రిసియేషన్ (మార్చిన పార్టులకు తరుగు కోయకుండా ఇచ్చేది), రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చేది), ఇంజిన్ ప్రొటెక్షన్ ఈ మూడూ ఉండాలి. ఇంజిన్ ప్రొటెక్షన్ ఎందుకని అడిగేవాళ్ళకు 2020 అక్టోబరు వానలు గుర్తుచేస్తాను. సెల్లార్లలో నీళ్ళు నిండి మునిగిన కార్లలో, నీళ్ళు దిగాక తొందరపడి స్టార్ట్ కొట్టినవాళ్ళకే ఇంజిన్ పోయింది.

హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్ అని ఇంకో వరుస ఉంటే దేనికో అడగండి. సరైన జవాబు రాకపోతే కొట్టేయించండి. యాక్సెసరీస్, సిరామిక్ కోటింగ్ ప్యాకేజీలు మొదటి కొటేషన్‌లోనే కలిపి రాస్తారు. అవి వద్దని చెప్పే హక్కు మీకుంది.

లోన్ సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. ఈఎంఐ ఎంత అని అడగకండి, చివర్లో ఇంకా ఎంత కట్టాల్సి ఉంటుందని అడగండి. నెలకు ఆశ్చర్యపోయేంత తక్కువ ఈఎంఐ చెప్పారంటే, మూడు నాలుగేళ్ళ తర్వాత ఒకేసారి కట్టాల్సిన పెద్ద మొత్తం వెనక ఉంటుంది. అప్పుడు కారు తిరిగిచ్చేయొచ్చంటారు. ఎన్ని కిలోమీటర్లు దాటకూడదు, గీతలుంటే ఎంత కోస్తారు అన్న షరతులు సంతకానికి ముందే చదవండి. వడ్డీ ఫ్లాట్ రేటులో, అంటే మొదట తీసుకున్న అసలు మొత్తం మీదే చివరిదాకా లెక్కేసి చెప్తే నమ్మకండి. ఐదేళ్ళకు 6 శాతం ఫ్లాట్ అంటే, తగ్గే అసలు మీద లెక్కిస్తే దాదాపు 11 శాతం.

"కంపెనీ పేరు మీద తీసుకోండి సార్, జీఎస్టీ మొత్తం వెనక్కొస్తుంది" అని ఇంకో మాట వినిపిస్తుంది. కార్లు అమ్మే వ్యాపారమో, ట్యాక్సీ వ్యాపారమో, డ్రైవింగ్ స్కూలో కాకపోతే మామూలు వ్యాపారానికి కారు మీద జీఎస్టీ క్రెడిట్ రాదు. ఆదాయపన్నులో ఏటా 15 శాతం తరుగుదల చూపించుకోవచ్చు, అది వేరే సంగతి. తెలంగాణలో కంపెనీ పేరు మీద లైఫ్ ట్యాక్స్ కూడా ఎక్కువే. ఇది సేల్స్‌మన్‌ను కాదు, మీ ఆడిటర్‌ను అడగండి.

డబ్బు కట్టేటప్పుడు ఎవరి సొంత ఫోన్ నంబరుకూ పంపకండి, బుకింగ్ అమౌంట్ అయినా సరే. డీలర్ కంపెనీ బ్యాంకు ఖాతాకే వెయ్యండి, రసీదు తీసుకోండి. బుకింగ్ రద్దు చేస్తే ఎంత కోస్తారో దాని మీదే రాయించండి. "కొంత క్యాష్ ఇవ్వండి, బిల్లు తగ్గించి వేస్తాం" అంటే లేచి వచ్చేయండి. బిల్లు తగ్గితే రేపు బండి పోయినప్పుడు ఇన్సూరెన్స్ ఇచ్చేదీ తగ్గుతుంది.

ఎప్పుడు వెళ్ళాలి

నెలాఖరు, మార్చి, డిసెంబరు మంచివని అందరికీ తెలుసు. మన రాష్ట్రాల్లో అంతకంటే మంచి కాలం ఆషాఢం, మౌఢ్యం. ఆ రోజుల్లో మనవాళ్ళు బండి ఇంటికి తెచ్చుకోరు, షోరూమ్ బోసిపోతుంది. కానీ కారు తయారుచేసే జర్మనీవాడికి ఆషాఢం తెలీదు, అమ్మకాల టార్గెట్ తగ్గించడు. ఆ నెలలో మా మేనేజర్ల ముఖాలు చూడాలి. అప్పుడు వెళ్ళి ధర తేల్చుకుని బిల్ చేయించుకోండి, డెలివరీ శ్రావణంలో మంచిరోజు చూసి తీసుకుంటానని రాయించండి. సంతోషంగా ఒప్పుకుంటారు. దసరాకు, ధనత్రయోదశికి వెళ్తే మాత్రం పూలదండ తప్ప ఏమీ ఎక్కువ ఇవ్వరు.

తయారైన నెల అడగడం మరిచిపోకండి. జనవరిలో కొన్న కారు పోయిన మే నెలలో తయారైందైతే, అమ్మేటప్పుడు మీకు ఏడాది నష్టం. అమ్మకం సర్టిఫికెట్ ఫారం 21లో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. పాత స్టాక్ కొనడం తప్పేమీ కాదు. దానికి కంపెనీ అదనంగా డిస్కౌంట్ ఇస్తుంది కాబట్టి, అది మీ దాకా రావాలి.

డెలివరీ రోజు

కారు మీద గుడ్డ కప్పి, లైట్లు వేసి, పాట పెట్టి, కేకు కోయిస్తారు. పూజారిని వాళ్ళే పిలుస్తారు, టైర్ల కింద నిమ్మకాయలు కూడా వాళ్ళే పెడతారు. ఆ హడావిడిలో ఎవరూ పెయింట్ చూడరు. అందుకని ముందురోజు పగటి వెలుగులో వెళ్ళి చూసుకోండి. పెయింట్, అద్దాల మీద తయారీ గుర్తులు, టైర్ల తయారీ వారం, ఓడోమీటర్, రెండో తాళం, కొటేషన్‌లో రాసిన ప్రతి యాక్సెసరీ. ఛాసిస్ నంబరు ఇన్వాయిస్‌తో సరిపోల్చండి.

డెలివరీకి ముందో తర్వాతో మీ కన్సల్టెంట్ మెల్లగా ఒక మాట అడుగుతాడు. "సార్, కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, పదికి పది ఇవ్వండి, తొమ్మిది ఇచ్చినా మాకు సున్నా కిందే లెక్క." నిజమే చెప్తున్నాడు. ఆ మార్కుల మీద అతని ఇన్సెంటివ్ ఆధారపడి ఉంటుంది. కొత్తగా చేరిన కన్సల్టెంట్ నెల జీతానికి ఈ కారు టైర్ల సెట్టు కూడా రాదు, కాబట్టి బాగా చూసుకున్నవాడికి పది ఇవ్వండి, పాపం. కానీ రావాల్సినవన్నీ వచ్చాకే. "మ్యాట్లు వచ్చేవారం పంపిస్తాం, ఎక్స్చేంజ్ బోనస్ చెక్కు నెలలో వస్తుంది" అంటే ఆ రెండూ షోరూమ్ మెయిల్ నుంచి తేదీతో సహా రాయించుకోండి. కన్సల్టెంట్ వాట్సాప్ సరిపోదు. ఈ వృత్తిలో మనుషులు చాలా త్వరగా షోరూములు మారతారు, మీ చెక్కు వచ్చే సమయానికి అతను ఎదురు బ్రాండ్ దగ్గర ఉండొచ్చు. వర్క్‌షాప్‌లో సర్వీస్ మేనేజర్‌ను పరిచయం చేయమని అడిగి ఆయన నంబరు తీసుకోండి, ఇకముందు మీకు పనిపడేది ఆయనతోనే. ఇవన్నీ చేతికొచ్చాక గేట్‌పాస్ మీద సంతకం పెట్టండి.